నాన్నని బాబాయ్ అన్న గైక్ నియో

"అలా కొడితే మీ ముత్తాత దొరకడు," అంది గైక్ నియో. కౌలాలంపూర్ నుంచి వచ్చిన దంపతుల మధ్య నుంచి చెయ్యి చాపి కంప్యూటరు మీటలు తనే నొక్కసాగింది. "మన ఇంటిపేరుని మనం ఊన్ అంటాం. కాంటనీసువాళ్ళు వాన్ అంటారు. ఓడ దిగిన రోజున గుమాస్తా దొర చెవికి ఏం వినిపిస్తే అది రాసుకున్నాడు. అన్నీ కొట్టి చూడాలి మరి."

తైపింగ్‌లో వాన కురవని రోజంటూ ఉండదు. ఊన్ వంశ సంఘం మేడ మీది గదిలో గోడలు చెమ్మగా ఉన్నాయి. కింద హాల్లో పూర్వీకుల పేర్లు చెక్కిన పలకల ముందు వెలిగించిన అగరొత్తుల పొగ మెట్లెక్కి పైకి వస్తోంది. గైక్ నియో పొట్టి మనిషి. రంగు వేసిన జుట్టు మొదళ్ళలో తెల్లబడింది. వేలి కణుపులు వాచి, ఉంగరం ఊడి రావడం మానేసింది. ఎవరైనా తమ తాతముత్తాతల్ని వెతుక్కుంటూ వస్తే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి వెతికి పెట్టడం ఆమె ఉద్యోగం.

తెర మీద సమాధి రాళ్ళ ఫొటోలు వచ్చాయి. "పేరు తర్వాత చూద్దురుగాని. ముందు రాయి పై వరుస చూడండి. ఆ రెండక్షరాలూ చైనాలో ఆయన ఊరు. పేర్లు వందమందికి ఒకటే ఉంటాయి, ఊరు కలిస్తేనే మనవాడు. ఇంకెవరో కట్టిపెట్టిన వంశవృక్షాన్ని మాత్రం నమ్మకండి. సగం మంది గొప్ప కోసం రాజుల్ని కలుపుకుంటారు."

ఊరు కలిసింది. ఆ మగమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. గైక్ నియో కాగితం రుమాలు అతని ముందుకు నెట్టి కిటికీ వైపు తిరిగింది. ఎప్పుడో పోయిన ముత్తాత దొరికితే ఇంత ఏడుపా! ఇంట్లో ఉన్నది తన నాన్నో కాదో అని ఏనాడూ అనుమానపడనవసరం లేని మనిషికి ముత్తాత కూడా కావలసి వచ్చాడు. ఆమెకి కడుపు మండిపోయింది. ఇలా మండటం ఆమెకి కొత్త కాదు. ఏళ్ళ తరబడి ప్రతి ఒక్కరికీ వెతికిపెట్టి, ప్రతి ఒక్కరినీ చూసి కుళ్ళుకుంది. తన గురించి మాత్రం ఒక్క మీట కూడా నొక్కలేదు. ఏం దొరుకుతుందోనని భయం.

ఎందుకంటే ఆమె తండ్రిని బాబాయ్ అని పిలుస్తుంది. పుట్టినప్పుడు గుడి దగ్గర జాతకాలు చూసే ముసలాయన, ఈ పిల్లకీ తండ్రికీ పొసగదు, నాన్నా అని పిలిచిందంటే ఇద్దరిలో ఒకరు దక్కరు అన్నాడట. ఈ వైపు ఇది వింతేమీ కాదు. పక్కింటి పిల్ల కన్నతల్లిని అత్తా అనేది. కానీ బయటి నుంచి తెచ్చి పెంచుకున్న ఆడపిల్లలకీ సరిగ్గా ఇదే కథ చెబుతారు, మళ్ళీ ఏమీ అడక్కుండా. పదేళ్ళ వయసులోనే గైక్ నియో తేల్చేసుకుంది, తాను అలా తెచ్చుకున్న పిల్లేనని. ఆమెకి ఐదేళ్ళప్పుడు అమ్మ ఈపో పట్నం వెళ్ళి, ఎర్రటి దుప్పట్లో చుట్టిన చెల్లెలితో తిరిగొచ్చింది. ఆ చెల్లెలికి జాతకం అడ్డు రాలేదు. స్వీ లాన్ నోరు తెరిచిందంటే నాన్నా, నాన్నా!

ఆ మహాతల్లే పొద్దున ఫోన్ చేసింది. "అక్కా, నేను పోరితే ఇద్దరం ఇచ్చిన ఆ డీఎన్ఏ ఉమ్మి పరీక్ష ఫలితాలు వచ్చాయట. నాకు తలా తోకా తెలీదు. నువ్వే చూసి వంశవృక్షం బొమ్మ వేయించు. నాన్న పుట్టినరోజుకి గోడకి తగిలిద్దాం."

దంపతులు వెళ్ళిపోయాక గైక్ నియో తన పేజీ తెరిచింది. రక్తం కలిసినవాళ్ళ పేర్లు వరుసగా ఉన్నాయి. అందులో స్వీ లాన్ లేదు. స్వీ లాన్ పేజీ తెరిచింది. అక్కడ తను లేదు.

"చూశావా," అంది పైకే, ఖాళీ గదితో.

కింద కాఫీ కొట్టుకి వెళ్ళి నూడుల్స్ చెప్పుకుంది. రెండు ముద్దలు కూడా దిగలేదు. కొట్టు ముసలాయన "ఏం నియో, ఇవాళ నా వంట మీద అలిగావా?" అంటే "నీ వంట కాదులే, నా మొహం బాగోలేదు," అంది. బాబాయ్ భుజాల మీద చెల్లెలు, సైకిలు కమ్మీ మీద చెల్లెలు, పక్కన నడుస్తూ తను. ఆ అసూయకి ఇన్నాళ్ళూ సాక్ష్యం లేదు. ఇప్పుడు ఉంది.

మెట్లెక్కుతుంటే తట్టింది. ఇద్దరికీ కలవకపోతే ఎవరు పరాయో ఎలా తెలుస్తుంది? మూడో మనిషిని చూడాలి. ఊరందరికీ చెప్పే మాట తనకి తాను చెప్పుకోలేదు, పిచ్చిమొహం! పెదనాన్న కొడుకు కెంగ్ హో పెర్త్‌లో ఉంటాడు, ఇదే చోట ఎప్పుడో పరీక్ష చేయించుకున్నాడు. కంగారులో చూడనే లేదు. ఆమె పేజీలో అందరికంటే పైన ఉన్నది అతనే: తండ్రి తోబుట్టువు బిడ్డ కావచ్చు. స్వీ లాన్ పేజీ పైనుంచి కిందికి మూడుసార్లు వెతికింది. కెంగ్ హో లేడు. ఊన్‌ల వాసనే లేదు.

గైక్ నియో పగలబడి నవ్వింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెప్పబోయే మాటని పెదాల మీద తిప్పుకుంటూ పోయింది: "బొమ్మలో నీకు చోటు లేదే స్వీ లాన్." ఒకసారి మెత్తగా, ఒకసారి జాలిగా. మెత్తగా అంటేనే ఎక్కువ తగులుతుందని తేల్చుకుంది.

స్వీ లాన్ ఇంట్లో ముందుగదిలోనే బాబాయ్ మంచం. నెల రోజులుగా లేవడం లేదు. స్వీ లాన్ వేడినీళ్ళ గుడ్డతో ఆయన పాదాలు తుడుస్తోంది.

"ఏం వచ్చిందక్కా?"

గైక్ నియో నోరు తెరిచింది. ఈలోగా చెల్లెలే అందుకుంది. "పొద్దున్నుంచి ఒకటే గుర్తొస్తోంది. చిన్నప్పుడు నాన్న నన్ను గడప మీద నిలబెట్టి, ఏదీ పిలువు, ఇంకోసారి పిలువు అనేవాడు కదా. నేను నాన్నా అంటే నన్ను చూసేవాడా? లేదు, నిన్ను చూసేవాడు! ఎంత కుళ్ళేదో తెలుసా నాకు. గొంతు చించుకునేది నేను, చూసేది నిన్ను!"

"నీకూ కుళ్ళేనా?"

"ఎందుకుండదు? ఇప్పటికీ ఉంది. నువ్వు రావడం ఆలస్యమైతే గుమ్మం కేసే చూస్తాడు."

గైక్ నియో మంచం కోడు పట్టుకుంది. తను పిలవకూడని పిలుపు కోసం ఈపో నుంచి ఒక నోరు తెచ్చుకున్నాడు ఈ మనిషి.

"ఫలితాలేవీ?" అంది స్వీ లాన్.

"నీ ఉమ్మి చాల్లేదట. మళ్ళీ ఇవ్వమన్నారు."

"నా ఉమ్మా! రోజంతా వాగే నోరు కదా నాది!" స్వీ లాన్ నవ్వుతూ గిన్నె తీసుకుని గంజి వేడి చేయడానికి వంటింట్లోకి పోయింది.

మంచితనంతో అబద్ధమాడిందని అనుకోకండి. నిజం చెబితే చెల్లెలు ఆయన గుండెల మీద పడి ఏడుస్తుంది, ఆయన చెయ్యి మళ్ళీ దాని తల మీదికే పోతుంది. అది చూడలేకే ఆడింది. ఈ ఒక్క సాయంత్రమైనా ఆయన తనకి కావాలి.

ఆమె వంగింది. జాతకం గుర్తొచ్చింది. ఇంత వయసొచ్చాక ఇంకేం దక్కాలి, ఇంకేం పోవాలి!

"నాన్నా," అంది.

ఆయన పలకలేదు.

"నాన్నా!"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "గట్టిగా పిలువక్కా!" అని కేకేసింది స్వీ లాన్. "ఇందాక నిద్రపోతాడని చెవి మిషను తీసేశాను." ఆమె గొంతులో ఏ వింతా లేదు. అక్క ఏమని పిలిచిందో గమనించనే లేదు.

గైక్ నియో ఆయన ఛాతీ మీద దుప్పటి గీతల్ని చూసింది. అవి పైకి లేవడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టింది. పాదాలు తుడుస్తున్నప్పుడు పోయాడో, ఆమె వంగినప్పుడు పోయాడో. మెడ ఇంకా వెచ్చగానే ఉంది.

తలగడ పక్కన స్టూలు మీద, మూత పెట్టిన చిన్న రేకు డబ్బాలో, ఆపడం మరచిపోయిన చెవి మిషను సన్నగా కూస్తూనే ఉంది.