వేడెక్కింది ఊరా, పెట్టా?

పంతొమ్మిది వందల డెబ్బై రెండు మే నెలలో మా పెద్ద సాహెబుగారి నుదుటి చెమట ఒక ఫైలు మీద పడి, అప్పుడే చేసిన సంతకం అలుక్కుపోయింది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపును ఆనుకుని ఉన్న ఒక చిన్న ఆఫీసులో అప్పటికి నేను పదిహేడేళ్ళుగా గుమాస్తాను. ఆఫీసు పేరు చెప్పను. అందులో పనిచేసినవాళ్ళు కొందరు ఇంకా పింఛను తీసుకుంటున్నారు. నా పేరు పరబ్రహ్మం.

సంతకం అలుక్కుపోయిన మర్నాడే ఆఫీసర్ల గదులకి కూలర్లు కావాలని పైకి రాశాం. పైనుంచి వచ్చిన జవాబు ఇది: "ఖరగ్‌పూర్‌కి ఎండాకాలం కొత్త కాదు. ఊరు మునుపటికంటే శాశ్వతంగా వేడెక్కిందని రుజువు చూపిస్తే పరిశీలిస్తాం."

సాహెబు దిగాలుగా కూర్చుంటే మా హెడ్ క్లర్కు వరాహనరసింహంగారు చిన్నగా దగ్గి, "సార్, మన దగ్గర నూకయ్య ఉన్నాడు," అన్నారు.

నూకయ్య మా ఆఫీసులో చిల్లర పనులు చేసే ఖలాసీ. పలాస పక్క పల్లెటూరి నుంచి కుర్రతనంలో వచ్చి, రైల్వే కూలీలుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కాపురం ఉంటున్నాడు. నలభై ఒకటో సంవత్సరంలో అప్పటి దొర ఎవరో అతనికి ఒక పని అప్పగించాడు. నాలుగు కాళ్ళమీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టి, దానికి నాలుగు పక్కలా గాలి ఆడే రెక్కలు, లోపల రెండు థర్మామీటర్లు: ఒకటి రోజులో ఎక్కువ వేడినీ, రెండోది తక్కువనీ పట్టి ఉంచుతుంది. పొద్దున్న ఎనిమిదింటికీ సాయంత్రం ఐదింటికీ వాటిని చూసి రిజిస్టరులో రాయాలి. ఆ దొర వెళ్ళిపోయాడు, దేశానికి స్వతంత్రం వచ్చింది, నూకయ్యని ఆపమని ఎవరూ చెప్పలేదు. అతను ఆపలేదు. పెట్టి తలుపు తీసేటప్పుడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఎందుకని నేను ఒకసారి అడిగితే, "మన ఊపిరి తగిల్తే అంకె మారిపోద్ది బాబూ," అన్నాడు.

రిజిస్టరులో అంకెల పక్కన 'విశేషాలు' అని ఒక గడి ఉండేది. అందులో నూకయ్య పెన్సిలుతో తెలుగులో ఏదో రాసేవాడు. నెలకోసారి ఆ రిజిస్టరుకి ఇంగ్లీషులో శుభ్రమైన కాపీ తీయడం నా పని. చేరిన కొత్తలో ఆ గడిలో ఏం రాయమంటారని వరాహనరసింహంగారిని అడిగాను. "విశేషాలు రాస్తే ప్రశ్నలు వస్తాయి. 'నిల్' అని రాయి," అన్నారు. అలాగే రాస్తూ వచ్చాను.

ముప్ఫై ఒక్క రిజిస్టర్లు బీరువాలోంచి దించి, ఏడాదికొక సగటు తీసి, గ్రాఫు కాగితం మీద గీత గీశాను. గీత యాభై ఏడో సంవత్సరం దాకా ఎనభై ఎనిమిది డిగ్రీల దగ్గర నడిచి, అక్కణ్ణుంచి ముప్ఫై మూడుకి దబ్బున పడిపోయింది. ఒక్క ఏడాదిలో ఊరు యాభై అయిదు డిగ్రీలు చల్లబడ్డట్టు! నేను కంగారుపడ్డాను గాని వరాహనరసింహంగారు పడలేదు. అరగంటలో ఒక పేరా తయారుచేశారు: పంచవర్ష ప్రణాళికలో భాగంగా కాలనీ రోడ్ల వెంట నాటిన మొక్కల వల్ల ఈ సత్ఫలితం కలిగిందని.

"ఆ సంవత్సరం ఫారన్‌హీటు పోయి సెంటీగ్రేడు వచ్చిందండీ. నేను మార్చి లెక్కవేయడం మర్చిపోయాను," అన్నాను.

ఆయన ఆ పేరాని ఒకసారి ప్రేమగా చదువుకుని కొట్టేశారు.

అంకెలన్నీ సెంటీగ్రేడులోకి మార్చి మళ్ళీ గీస్తే గీత నెమ్మదిగా పైకి ఎక్కింది. ముప్ఫై ఏళ్ళలో మూడు డిగ్రీలు. సాహెబు ముఖం వెలిగింది. ముగ్గురు ఆఫీసర్లతో కమిటీ వేశారు. అణుబాంబు పరీక్షలూ, ఊరి పక్క సాలువా వైపు చెట్లు కొట్టేయడమూ, కొత్తగా వచ్చి చేరిన కుటుంబాల బొగ్గు కుంపట్లూ ఇందుకు కారణాలని కమిటీ తేల్చింది. వాటిలో ఏదీ ఎవరూ వెళ్ళి చూడలేదు. పదకొండు గదులకి కూలర్లు మంజూరయ్యాయి.

ఈ కబురు వర్క్‌షాపులోకి చేరడానికి ఒక పూట పట్టింది. స్మితీ షాపులో కమ్మరి పని చేసే సొలొమోను యూనియన్ కార్యదర్శి. నూకయ్య ఇంటికి నాలుగు గుమ్మాల అవతలే అతని ఇల్లు. వందమంది సంతకాలు పెట్టిన అర్జీ నా బల్లమీద పెట్టాడు.

"ఊరు మూడు డిగ్రీలు వేడెక్కిందని మీరే రాసినారు గదా బాబూ. ఆపీసర్లకి ఎక్కిన వేడి మాకు ఎక్కలేదా? మాకు కూలర్లొద్దు. స్మితీలో పంకాలు పెట్టండి. ఎండాకాలం పొద్దున్న ఆరింటికి డ్యూటీ ఎక్కి పన్నెండింటికి దిగిపోతాం. అంతే."

కమిటీ జవాబు మూడు రోజుల్లో వచ్చింది. మూడో తరగతి చదివిన ఒక ఖలాసీ రాసిన అంకెలను శాస్త్రీయమైన రుజువుగా అంగీకరించలేమని ఆ జవాబు సారాంశం. అవే అంకెల మీద ఆధారపడి కూలర్లు త్వరగా పంపమని కోరే ఉత్తరం కూడా ఆ రోజే వెళ్ళింది. రెండూ నేనే టైపు చేశాను. రిబ్బను కూడా మార్చలేదు.

సొలొమోను ఊరుకోలేదు. నూకయ్యని పిలిచి విచారించండి, అతని అంకెలు నిజమో కాదో తేల్చండి అని పట్టుబట్టాడు. విచారణకి రోజు పెట్టారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అంతా నూకయ్యని పెళ్ళికొడుకుని సాగనంపినట్టు సాగనంపింది. వాళ్ళావిడ సింహాచలమ్మ ఉతికిన చొక్కా ఇస్త్రీ చేయించి తొడిగింది.

కమిటీ ముందు నూకయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాహెబుకి తెలుగు రాదు కనక వరాహనరసింహంగారు అటూ ఇటూ చెబుతున్నారు.

"నువ్వు రాసిన అంకెలన్నీ నిజమేనా?"

"అన్నీ నిజమే బాబూ. నలభై రెండులో గాలివానకి పెట్టి ఎగిరిపోనాది. ఆ మూడ్రోజులూ కాళీగా ఒగ్గేసినాను. ఊహించి రాయనేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ సొలొమోను మీసం దువ్వుకున్నాడు.

"అయితే ఊరు మూడు డిగ్రీలు వేడెక్కిందన్నమాట?"

"ఊరు సంగతి నాకేటి తెలుస్తాది బాబూ? పెట్టి వేడెక్కింది."

వరాహనరసింహంగారు దాన్ని హిందీలో ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయారు.

"పెట్టి మొదట మైదానంలో పచ్చగడ్డి మీద ఉండేది. యాభై ఆరులో దొరసానిగోరికి బేడ్మింటన్ ఆటకి జాగా కావాలంటే తీసుకెళ్ళి ఫౌండ్రీ గోడకి ఆనించినారు. ఆ గోడ పొయ్యి మీద పెనం లాగుంటాది. అరవై నాలుగులో ఆ గోడ పెంచడానికని సైకిల్ షెడ్డు రేకుల పైకి ఎక్కించినారు. అప్పటినుంచీ అక్కడే. రేకులు కాల్తంటే పెట్టి కాలదా?"

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"సెప్పకేటి బాబూ? రాసినాను. పక్క గడిలో ప్రెతీసారీ రాసినాను."

రిజిస్టరు తెరిచి ముందు పెట్టారు. నా కాపీని దాని పక్కన పెట్టారు. నూకయ్య పెన్సిలు రాతకి ఎదురుగా నా చక్కటి చేతిరాతలో 'నిల్' ఉంది. గదిలో అందరూ నా వైపు చూశారు. నేను పంకా వైపు చూశాను.

వయసు మీద పడటం వల్ల సాక్షి తికమకపడుతున్నాడని కమిటీ రాసుకుంది. సాక్షే ఒప్పుకోలేదు గనక అర్జీ కొట్టేస్తున్నామనీ రాసుకుంది. కూలర్ల సంగతి ఎజెండాలో లేదు గనక ఎవరూ ఎత్తలేదు. "ఠీక్ హై," అని సాహెబు లేచారు.

బయట సొలొమోను నూకయ్య దారికి అడ్డం నిలబడ్డాడు. "ఒక్క మాట, 'అవును' అనుంటే పంకాలొచ్చేవి గదా మావా! అబద్దం కూడా ఆడమనలేదు, అంకెలు నీయే."

"అంకెలు నాయే గాని అల్లుడూ, వాటికి ఆళ్ళు సెప్పే అర్థం నాది గాదు."

ఆ రోజునుంచి సొలొమోను అతనితో మాట మానేశాడు. కుళాయి దగ్గర సింహాచలమ్మ వస్తే ఆడవాళ్ళు బిందెలు పక్కకి జరిపి, మాటలు ఆపేసేవారు. నూకయ్య మాత్రం ఎనిమిదింటికీ ఐదింటికీ నిచ్చెనేసుకుని రేకుల మీదకి ఎక్కుతూనే ఉన్నాడు.

మా ఇల్లు సుభాష్‌పల్లిలో. నా భార్య కుసుమకుమారి తెలుగు బడిలో లెక్కల టీచరు. జరిగింది రాత్రి అన్నం తింటూ ఆమెకి చెప్పాను. సానుభూతి వస్తుందనుకున్నాను.

"ఎన్నేళ్ళు రాశారండీ 'నిల్' అని?"

"పదిహేడు."

"ఒక్కసారైనా ఆ గడిలో ఏముందో చదివారా?"

నేను మజ్జిగ అడిగాను. ఆమె రిజిస్టర్లు అడిగింది.

మర్నాటినుంచి సంచిలో రెండేసి చొప్పున తెచ్చి ఇచ్చాను. రెండు వారాలకి పైగా ఆమె ఆ పెన్సిలు రాత చదివింది. ఉండి ఉండి నాకు వినిపించేది. "నలభై తొమ్మిది: పాత థర్మామీటరు పగిలింది. కొత్తది పాతదానికంటే అర డిగ్రీ ఎక్కువ చూపిస్తాదేమో అని అనుమానం. ఆఫీసులో ఉన్న ఇంకోదాని పక్కన పది రోజులు ఉంచి చూసినాను. సమంగానే ఉంది." ఇంకోచోట: "సాహెబు కుక్క పెట్టి కింద పడుకుంటంది. తోలితే కరవడానికి వస్తంది. ఈ నాలుగు రోజులూ తక్కువ వేడి అంకె నమ్మొద్దు."

"ఈయన మూడో తరగతి చదివాడని రాసింది ఏ తరగతి చదివినవాళ్ళండీ?" అంది కుసుమ.

ఆదివారం నాడు ఆమే ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి నడిచి వెళ్ళింది. నేను వెనకాల వెళ్ళాను. నూకయ్య గుమ్మంలోకి వచ్చి కంగారుగా మంచం దులిపాడు. అయ్యో అమ్మగోరూ, తమరొచ్చినారేటి అని సింహాచలమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. ఆ నెలలో వాళ్ళ గడప ఎక్కినది మేమేనట.

"నూకయ్యగారూ, పెట్టి మారడం వల్ల ఎంత పెరిగిందో, అది తీసేస్తే ఏం మిగులుతుందో తెలుసుకోవచ్చు," అంది కుసుమ. "మైదానంలో పాత జాగాలోనే ఇంకో పెట్టి పెట్టండి. రేకుల మీది పెట్టినీ అదే పూట చూడండి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ దాటాలి. ఒక ఏడాది."

అతన్ని 'గారూ' అని పిలిచినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరనుకుంటాను. "బేడ్మింటన్ ఆడే దొరసాని ఎలిపోయి పదేళ్ళయింది. అక్కడ మళ్ళీ గడ్డే మొలిసింది అమ్మా," అన్నాడు.

పాత పేకింగు చెక్కలు కోసి అచ్చం మొదటిదానిలాంటి పెట్టి అతనే చేశాడు. థర్మామీటర్లు కుసుమ బళ్ళోంచి తెచ్చింది. ఏడాదిపాటు ఒక్క పూట తప్పకుండా నూకయ్య రెండు పెట్టెలూ చూశాడు. డెబ్బై మూడు జులై ఆఖరున ఆమె లెక్కలు ముగించింది. రేకుల మీది పెట్టి, గడ్డి మీది పెట్టికంటే సగటున రెండున్నర డిగ్రీలు ఎక్కువ చూపింది. మూడులోంచి రెండున్నర పోతే అర.

"అరా?" అన్నాడు నూకయ్య.

"అర. అది ఊరిదే కావచ్చు. లేదా ఈ ముప్ఫై ఏళ్ళలో అలా తటస్థించి ఉండవచ్చు. ఖాయంగా చెప్పాలంటే ఇంకో ముప్ఫై ఏళ్ళు ఇలాగే రాయాలి."

"నాకు రెండేళ్ళే ఉంది అమ్మా సర్వీసు."

నేను ఆ అర డిగ్రీని ఒక నోటుగా రాసి, పదిహేడేళ్ళ 'విశేషాలు' ఇంగ్లీషులోకి మార్చి జతచేసి పైకి పెట్టాను. నా ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక సాహసం అది. వరాహనరసింహంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మూడు డిగ్రీలైతే కూలరు. సున్నా అయితే ఫైలు మూసేస్తాం. అర డిగ్రీని ఏం చేసుకోమంటావయ్యా పరబ్రహ్మం?"

సాహెబు కూలరు చల్లగాలిలో కూర్చుని ఆ నోటు చదివి, 'చూశాను' అని సంతకం పెట్టారు. ఆ సంతకం అలుక్కుపోలేదు. నేను సొలొమోనుకి కూడా చూపించాను. "అర డిగ్రీకి పంకా ఎవుడిస్తాడు బాబూ?" అని తిరిగి ఇచ్చేశాడు. ఏడాది కష్టపడి పట్టుకున్న నిజం ఎవరికీ అక్కరలేకపోయింది.

ఆ సాయంత్రం నూకయ్య ఒక థర్మామీటరు తువ్వాల్లో చుట్టుకుని స్మితీ షాపులోకి వెళ్ళాడు. మాట లేని సొలొమోను ముందు నిలబడి, "అల్లుడూ, ఊరు ముప్పయ్యేళ్ళలో ఎంత వేడెక్కిందో నీకెందుకురా? నీ కొలిమి కాడ ఈయేళ ఎంతుందో సూసినావా?" అన్నాడు.

సొలొమోను సుత్తి దించాడు.

నిప్పుసెగ నేరుగా తగలకుండా, మనిషి నిలబడే చోట స్తంభానికి దాన్ని కట్టారు. మధ్యాహ్నం రెండింటికి యాభై ఒకటి. మర్నాడు నలభై తొమ్మిది. మూడోనాడు యాభై రెండు, ఒకడు కళ్ళు తిరిగి పడిపోయాడు. ఇరవై నాలుగు రోజులు నూకయ్య రాశాడు, పక్కన విశేషాలు కూడా రాశాడు. వాటిని నేను అక్షరం పోకుండా ఇంగ్లీషు చేశాను. ఈసారి అంకెలు శాస్త్రీయం కావని అనడానికి వీల్లేకపోయింది. వరాహనరసింహంగారే స్వయంగా వచ్చి థర్మామీటరు చూసి, రెండు నిమిషాలు నిలబడలేక బయటికి పోయారు.

పంకాలు మంజూరై డిసెంబరులో వచ్చాయి. వణుకుతూనే బిగించుకున్నారు. మరుసటి వేసవినుంచి ఆరింటి షిఫ్టు కూడా వచ్చింది. ఆ షిఫ్టు మొదలైన రోజు సొలొమోను ఒక గంప ఈతపళ్ళు పట్టుకుని నూకయ్య ఇంటికి వచ్చి, సింహాచలమ్మ కాళ్ళ దగ్గర పెట్టి, "అత్తా, తిట్టాల్సినవి ఏటైనా ఉంటే ఇప్పుడే తిట్టెయ్యి," అన్నాడు. ఆవిడ తిట్టింది. చాలాసేపే పట్టింది.

డెబ్బై అయిదులో నూకయ్య రిటైరయ్యాడు. పెట్టి చూసే పని ఒక కుర్ర గుమాస్తాకి ఇచ్చారు. అతను చాలా చురుకైనవాడు. జూన్ నెల అంకెలు మే ముప్ఫై ఒకటికే సిద్ధం చేసి ఇచ్చేవాడు. ఆలస్యం లేనందుకు ఆఫీసు అతన్ని మెచ్చుకుంది.

మైదానంలోని చెక్కపెట్టిని కుసుమ బడి ఆవరణలోకి తెచ్చుకుంటానంది. నూకయ్య ఒప్పుకోలేదు. జాగా మారితే మళ్ళీ మొదటికొస్తాదన్నాడు. అందుకని అది ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ పొద్దున్నే కుసుమా, నూకయ్యా అక్కడికి వెళ్ళి చూసి వస్తారు. నిన్న వాళ్ళిద్దరికీ మాటామాటా వచ్చిందట. ఆమె ముప్ఫై రెండు పాయింట్ నాలుగు అంది, అతను అయిదు అన్నాడు. "కొంచెం వంగండి అమ్మా, కన్ను గీతకి సమంగా ఉండాల," అన్నాడట. ఆమె వంగి చూసి, అయిదే రాసింది.