నాలుగో ప్లేటు బగార

చిట్యాల హైవే మీది ఏసీ హోటల్ల నాగరాణి కుర్చీ అంచు మీద కూసున్నది. ఆరు నెలలు మహేష్ సారు కాడ జపాన్ భాష నేర్సుకున్నది గీ ఒక్క పూట బువ్వ కోసమే. ఎదురుంగ తనాకా మేడం. జపాన్ల ముసలోళ్లను సూసుకునే ఇల్లు నడుపుతది. పిల్ల టేబుల్ కాడ ఎట్ల మెదుల్తదో సూశి, లేశి పోయేలోపల కొల్వు ఇస్తదో లేదో చెప్తది.

మేడం మాటలు తెలుగుల చెప్పనీకి ఆమె పక్కన కూసున్న మహేష్ సారు షంషాబాద్ దాటి ఎన్నడు పోలే. అయినా జపానోళ్లు మర్సిపోయిన రూల్సు గూడ ఆయనకు యాదికుంటయి. అండ్ల రెండు నాగరాణితోని వందసార్లు చెప్పిచ్చిండు. ప్లేట్ల ఒక్క మెతుకు మిగిలినా పెట్టినోళ్లను తిట్టినట్టే. ఇంకొకరి ప్లేటు మీదికి చెయ్యి పోయిందా, ఇగ విమానం నువ్వు లేకుంటనే లేస్తది.

నాగరాణికి అన్ని వచ్చు. పక్కన కూసున్న బాపు బీరన్నకు ఒక్కటి రాదు. బీరన్న తిరుమలగిరిల గొర్లను తమ్మునికి ఒప్పజెప్పి, ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చిండు. వాళ్లింట్ల సుట్టం తినే తల్లె ఖాళీగ కనవడితే ఆ ఏడు వానలు గూడ పడయి. సుట్టం చెయ్యి అడ్డం పెట్టేదాక వడ్డించుడే. చెయ్యి పెట్టలేదంటే ఇంక ఆకలున్నట్టు.

తనాకా మేడం బగార అన్నం, మటను కూర మెతుకు మిగలకుంట తిన్నది. ప్లేటు అద్దం లెక్క మెరిసింది. బీరన్న సూశిండు, గంటె అందుకున్నడు.

మేడం తలొంచి దండం లెక్క వెట్టి, అదీ తిన్నది. బీరన్న మల్ల నింపిండు. మూడో ప్లేటుకు ఆమె నవ్వు సన్నవడ్డది. నాలుగో ప్లేటుకు పెదవి మీద చెమట వట్టింది. సప్లయర్ ఎల్లేశం తమాష సూడనీకి వంటోళ్లను గూడ పిల్సుకొచ్చి గోడకు నిలవెట్టిండు.

నాగరాణికి అప్పుడు సమజైంది. మేడం మిగిల్చదు. బాపు ఆగడు. గిట్లనే నడిస్తే కొల్వు సంగతేమో గని, మేడంను దవాఖానకు మోసుకపోవాలె.

టేబుల్ కింద బాపు కాలు తొక్కింది. బిడ్డకు జాగా సాలుతలేదేమో అని ఆయన కాలు జరిపిండు. మహేష్ సారు మెల్లగ, సాలన్నా అన్నడు.

"ఆమె సాలన్నదా సారూ? సిగ్గువడుతాంది పాపం. గంత దూరంకెల్లి వచ్చింది, ఎప్పుడు తిన్నదో ఏమో."

టేబుల్ కాడ పెద్దోళ్లను తప్పువట్టద్దని నేర్పింది మహేష్ సారే. ఆయన తన గిలాసలకు తొంగిసూడవట్టె.

ఎల్లేశం పొగలు గక్కే మటను పులుసు గిన్నె తెచ్చిపెట్టిండు. బీరన్న ఏరి ఏరి, మూలుగున్న పెద్ద నల్లి బొక్కను షోర్వతోని గంటెలకు ఎత్తిండు. ఇంటికొచ్చిన అల్లునికి గూడ అట్ల ఏరడు. మేడం ఖాళీ ప్లేటు దిక్కు సూశి కండ్లు మూసుకుంది. గంటె వంగింది.

నాగరాణి మేడం ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

షోర్వ చేతి మీద పడ్డది. సుర్రుమన్నది. ఆమె చెయ్యి తియ్యలే.

"సాలు బాపూ. కడుపు నిండింది ఆమెకు. చెప్పలేకపోతాంది."

మహేష్ సారు మొకం, అప్పుడే విమానం లేశిపోతుంటే సూస్తున్నట్టుంది. మేడం తడి గుడ్డ తీశి, నాగరాణి చెయ్యిని మెల్లగ తుడిసింది. తుడుసుకుంట నిదానంగ మాట్లాడింది. సారు చెప్పే అవసరం రాలే, నాగరాణికే సమజైంది.

"మా కాడ ముసలోళ్లు గూడ సాలని చెప్పరు. మొకం సూశి తెల్సుకోవాలె. ఏప్రిల్ల రా."

నాగరాణి ఆ ముక్క తెలుగుల చెప్పంగనే బీరన్న గంటె కింద పెట్టిండు. గిలాసల నీళ్లు ఒక్క గుక్కల తాగిండు. మేడం సూసింది. వాళ్ల దేశంల పక్కోళ్ల గిలాస ఖాళీగుంటే నింపుడు మర్యాద. నింపింది. ఆడామె రెండు చేతులతోని పోశినంక ఇడిశిపెడితే ఏం బాగుంటది? బీరన్న తాగిండు. ఆమె మల్ల నింపింది.

నాలుగో గిలాస కాడ బీరన్న బిడ్డ దిక్కు సూశిండు.

నాగరాణి కాలిన చెయ్యిని ఊదుకుంట కూసున్నది.