ఎండ వాసన వేసే కొండ

పెళ్లయి ఇరవై రోజులు. నా కాళ్లు ఇంకా నేల మీద ఆనడం లేదు. పొద్దున్నే మా ఆయన టీ కప్పు అందిస్తే చాలు, మేఘమేదో గదిలోకొచ్చి నా పక్కన కూర్చున్నట్టుంటుంది.

ఈ భవనంలో మాత్రం ఎవరూ నవ్వరు. రెండేళ్ల కిందట ఎన్నికలప్పుడు రెండుగా చీలిపోయారట. ఇటు మెట్లు మావి, అటు మెట్లు వాళ్లవి. మేడ మీద బట్టలారేసే చోట కూడా నడిమధ్యన ఎర్ర రంగు గీత.

మా వంటింటి గోడకవతల టైలరమ్మ ఉంటారు. ఒకప్పుడు అత్తయ్యకు ప్రాణస్నేహితురాలు. ఇప్పుడు అటువైపు మనిషి. మిషన్ చప్పుడు మొదలవగానే అత్తయ్య గరిటె ఆపేసి వింటారు.

"ఇవాళ మందపాటి గుడ్డ. దానికి భుజం నొప్పెడుతుంది, పాపం."

"వెళ్లి పలకరించకూడదా అత్తయ్యా?"

"మొహాన తలుపేస్తే? అది తలుపేస్తే నేను తట్టుకోలేనమ్మాయ్."

ఇవాళ మధ్యాహ్నం మేడ మీద దుప్పట్లు గాలికి ఉబ్బుతుంటే, వాటి మధ్య తిరుగుతూ లోకం మరిచిపోయాను. ఉన్నట్టుండి చినుకులు. మా పుట్టింటి దగ్గర వానొస్తే, మేడ మీద ఎవరుంటే వాళ్లే అందరి బట్టలూ తీసేస్తారు. ఆ అలవాటులో ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగేశాను. గీత గుర్తే రాలేదు.

హాల్లో ఎండ వాసన వేసే బట్టల కొండ చూసి అత్తయ్య గుండె పట్టుకున్నారు.

"కొంప ముంచావు కదే! ఏది ఎవరిదని ఇస్తాం?"

"అన్నీ టైలరమ్మ కుట్టినవేగా? ఆవిడకు తెలుస్తుంది."

అత్తయ్య వంటింటి గోడవైపు చూశారు. తర్వాత వెళ్లి, పక్క తలుపు తట్టారు. గడ్డం దాకా బట్టలెత్తుకుని నేను వెనకాల.

మెడలో టేపుతో టైలరమ్మ తలుపు తీశారు. అత్తయ్యను చూశారు. కొండను చూశారు.

"కొత్తకోడలి ఘనకార్యమా?"

"వానకి తడుస్తాయని..." నసిగాను.

"గుమ్మంలో ఏం నిలబడతారు? రండి."

చొక్కాలు తడుముతూ పంచడం మొదలుపెట్టారు. "ఈ పొట్ట మాస్టారిది. ఈ వాలిన భుజం పోస్టుమాన్‌ది, సంచీ మోసి మోసి." ఒక్కో చొక్కాలోంచి ఒక్కో మనిషి లేచొచ్చి ఆ చిన్న గదిలో కూర్చుంటున్నట్టే ఉంది. ఇటువాళ్లూ అటువాళ్లూ మోకాళ్లు తగిలేలా.

ఒక నీలం నైటీ దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. తిరగేసి చూశారు.

"ఈ వంకర కుట్లెవరివి?"

"నావే," అన్నారు అత్తయ్య.

"నడుం దగ్గర నాలుగు వేళ్లు లోపలికేశావు. ఇంత చిక్కిపోయావా?"

అత్తయ్య తల దించుకున్నారు. టైలరమ్మ మెడలోంచి టేపు తీశారు.

"చేతులెత్తు."

బళ్లో చిన్నపిల్లలా అత్తయ్య రెండు చేతులూ ఎత్తారు. నడుము చుట్టూ టేపు బిగిసింది. కొలత అయిపోయింది. టైలరమ్మ చేతులు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

"తిండి మానేసి ఎవర్ని సాధిద్దామని, మొద్దూ?"

"నిన్నే," అంది అత్తయ్య ఏడుపు గొంతు.

నేను మెల్లగా మాస్టారి చొక్కా తీసుకుని జారుకున్నాను. అటువైపు మెట్లెక్కి తలుపు తట్టాను. మాస్టారు చొక్కానీ, నన్నూ అనుమానంగా చూశారు.

"నాదేనని ఎలా తెలిసింది?"

"పొట్టను బట్టండీ."

నోరు జారాక నాలుక్కరుచుకున్నాను. ఆయన పొట్ట చూసుకున్నారు, చొక్కా చూసుకున్నారు.

"ఏమోయ్, ఇలా రా! ఈ అమ్మాయి ఏమంటోందో విను!" అంటూ లోపలికి కేకేశారు, పగలబడి నవ్వుతూ.