తెగిన వైరు

శివరామకృష్ణ ఏనాడూ సైకిల్‌ను మరమ్మతుకు షాపులో ఇవ్వలేదు. అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఇరవై రెండేళ్ళ కిందట విశాఖ వచ్చి ఉక్కు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో చేరాడు. అక్కడ రోజంతా విడిభాగాలకు చీటీలు రాయడమే అతని పని. వాటిని బిగించే పని ఎప్పుడూ వేరేవాళ్ళదే. ఆ ముచ్చట ఇంటి దగ్గర తీర్చుకునేవాడు. ఆదివారం వస్తే చాలు, గోపాలపట్నం కొండవాలులో ఉన్న తమ అద్దె ఇంటి మెట్ల కింద గోనెసంచి పరిచి, కూతురు చంద్రిక సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టేవాడు. చైను విప్పి కిరసనాయిల్లో నానబెట్టేవాడు. ఇరుసులో బాల్స్ ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, గ్రీజు పెట్టి, మళ్ళీ కూర్చేవాడు.

"షాపువాడికి ఇస్తే సగం బోల్టులు వదిలేస్తాడు" అనేవాడు భార్య మంగాయమ్మతో.

చంద్రికకు ఇరవై ఒక్కేళ్ళు. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్లో పని. కంపెనీ బస్సు హైవే మీద ఆగుతుంది. ఇంటి నుంచి అక్కడిదాకా ఒకటే సిమెంటు రోడ్డు, నిట్టవాలు. ఉదయం షిఫ్టయితే అయిదున్నరకల్లా సైకిల్ మీద దిగిపోయి, దాలయ్య టీ బడ్డీ పక్కన తాళం వేసి బస్సెక్కేది.

మేడ మీద వాటాలో కృపాకర్ కుటుంబం ఉండేది. అతను వన్ టౌన్‌లో పుట్టి పెరిగినవాడు. పోర్టులో ఓడలకు మరమ్మతులు చేసే కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రీషియన్. ప్యాంటు వెనక జేబులో ఎప్పుడూ కటింగ్ ప్లేరు ఉండేది. ఆరేళ్ళుగా ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. కృపాకర్ భార్య రోజలిన్ చేపల పులుసు వండితే ఒక గిన్నె కిందికి వచ్చేది.

ఆ మార్చిలో కృపాకర్ తల్లి ముసలమ్మ మెట్ల కింద ఒలికిన నూనె మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి నుంచి ఆమెను మంచం మీదే మోసుకుని పైకి చేర్చారు. ఆ సాయంత్రం కృపాకర్ కిందికి దిగి వచ్చాడు.

"ఎన్నిసార్లు సెప్పేను బావా, ఈ పని బయట సేసుకోమని?"

"నేను తుడిచానయ్యా. మీ అమ్మగారు కిందా మీదా చూసుకోకుండా దిగితే నేనేం చెయ్యను?"

శివరామకృష్ణ ఆ మాట అనకుండా ఉండాల్సింది. కృపాకర్ మొహం మారిపోయింది.

"ఇంకోపాలి ఈ సైకిలు ఇక్కడ కనిపించిందంటే, ముక్కలు సేసి గెడ్డ నీళ్ళలో పారేత్తాను" అన్నాడు. వీధిలో నలుగురూ విన్నారు.

శివరామకృష్ణ పౌరుషానికి పోయి, మరుసటి ఆదివారం అదే చోట గోనెసంచి పరిచాడు. ముందు బ్రేకుకు కొత్త వైరు వేశాడు. వెనక బ్రేకు రబ్బరు కట్టలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. వన్ టౌన్ వెళ్ళినప్పుడు తెస్తాననీ, అందాకా ముందు బ్రేకు వాడమనీ చంద్రికతో చెప్పాడు.

తొమ్మిది రోజుల తర్వాత, మంగళవారం తెల్లవారుతుండగా, చంద్రిక వాలు మధ్యలో బ్రేకు నొక్కింది. బ్రేకు పిడి హ్యాండిల్‌కు అతుక్కుపోయింది. వెనక బ్రేకు గీరుకుంది తప్ప సైకిల్‌ను ఆపలేదు. రోడ్డు చివర సిమెంటు లోడుతో ఒక లారీ ఆగి ఉంది. దాని వెనక ఇనప తలుపుకు ఆమె మొహం కొట్టుకుంది. దాలయ్య ఆమెను చేతుల మీద ఎత్తుకుని ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాడు. కింది దవడ రెండు చోట్ల విరిగింది. నాలుగు పళ్ళు ఊడిపోయాయి. ఒకటి పెదవిలో గుచ్చుకుపోయి ఉంటే నర్సు పట్టకారుతో లాగింది. ఆ శబ్దం శివరామకృష్ణ గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

సాయంత్రం నాలుగింటికి కూతురి బట్టల కోసం ఇంటికి వచ్చాడు. అప్పటికే దాలయ్య సైకిల్‌ను తోసుకొచ్చి మెట్ల కింద ఆనించి అక్కడే ఉన్నాడు.

"వైరు తెగిపోనాది సూడు బావా. మొన్ననే కదా కొత్తది ఏసేవు?" అన్నాడు దాలయ్య. "కొత్త వైరు దానంతటది తెగుద్దేటి?"

శివరామకృష్ణ చూశాడు. బ్రేకు దగ్గర వైరు కొస మెరుస్తూ బయటికి పొడుచుకుని ఉంది. అతను వంగి చూడలేదు. చేత్తో తాకనైనా తాకలేదు. కృపాకర్ జేబులో ప్లేరు గుర్తొచ్చింది. గెడ్డలో పారేస్తానన్న మాట గుర్తొచ్చింది. అంతే, ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు అతనికి.

సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని కృపాకర్ స్కూటరుతో లోపలికి వచ్చాడు. హెల్మెట్ తీసి అద్దానికి తగిలించి, గబగబా దగ్గరికి వచ్చాడు.

"బావా, ఇప్పుడే తెలిసింది. పాపకి..."

శివరామకృష్ణ మెట్ల కిందే ఉన్న తన పనిముట్ల సంచిలోంచి పైపు రెంచీ తీశాడు. మూరెడు పొడవుంటుంది. మొదటి దెబ్బ కృపాకర్ చెవి మీద పడింది. అతను పక్కకు తూలి గోడ పట్టుకున్నాడు. ఏం జరిగిందో అర్థం కానట్టు చెవి తడుముకుని, చేతికి అంటిన నెత్తురు చూసుకున్నాడు.

"నా కూతురి బ్రేకు కోస్తావురా?"

"నాను కాదు బావా. ఒట్టు, నాను ముట్టుకోలేదు..."

రెండో దెబ్బకు కుడిచెయ్యి అడ్డుపెట్టాడు. వేళ్ళు చిట్లిన చప్పుడు దాలయ్యకు కూడా వినిపించింది. కృపాకర్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అదే చేతిని నేలకు ఆన్చి లేవబోయాడు. శివరామకృష్ణ ఆ చేతి మీదే మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. కొడుతున్నప్పుడు అతనికి హాయిగా అనిపించింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా, అన్నిటికన్నా ఆ హాయే అతన్ని భయపెట్టింది.

దాలయ్య వెనక నుంచి నడుము పట్టుకుని లాగాడు. రోజలిన్ మెట్లు దిగి వచ్చి భర్త మీద పడిపోయింది. రెంచీ ఆమె భుజానికి తగిలి కింద పడింది.

పోలీసులు శివరామకృష్ణను ఇంటి దగ్గరే పట్టుకున్నారు. స్టేషన్లో అతను ఎదురు ఫిర్యాదు రాసిచ్చాడు. పాత కక్షతో కృపాకర్ తన కూతురిని చంపడానికి బ్రేకు వైరు కోశాడని రాశాడు. పోలీసులు కృపాకర్ మీద కూడా కేసు కట్టారు. విరిగిన వేళ్ళకు ఇనప పుల్లలు వేయించుకుని మంచం మీద ఉన్న మనిషిని ఆస్పత్రికే వెళ్ళి ప్రశ్నించారు. ఎడమ చెవి వినిపించక అతను ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడిగించుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా "నాను ముట్టుకోలేదు" అనే చెప్పాడు. కేసు సంగతి తెలిసి కాంట్రాక్టరు అతన్ని పనిలోంచి తీసేశాడు.

శివరామకృష్ణ పదకొండు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. ఉద్యోగం సస్పెన్షన్లో పడింది. రెండు వైపుల పెద్దలూ కూర్చుని, ఇద్దరూ కేసులు వెనక్కి తీసుకుంటే మంచిదని మాట్లాడుకుంటున్నారు. శివరామకృష్ణ మాత్రం ఒప్పుకోలేదు.

"పోలీసులు ఎలాగూ సైకిల్ పట్టుకుపోలేదు. ఆ బ్రేకు విప్పి కవర్లో పెట్టి పట్రండి. ఆ పని తెలిసినవాళ్ళకు చూపించి రిపోర్టు తెప్పిద్దాం. వైరు కోసినట్టు తేలితే అతనికి శిక్ష తప్పదు" అన్నాడు అతని వకీలు.

మర్నాడు పొద్దున్నే శివరామకృష్ణ మెట్ల కింద పీట వేసుకుని కూర్చున్నాడు. మెట్ల సందులోంచి ఎండ సైకిల్ మీదికి పడుతోంది. సాక్ష్యం పాడవకూడదని స్పానరు ఎంతో నెమ్మదిగా తిప్పి, వైరు బిగించే బోల్టు వదులు చేశాడు. బోల్టు కింద నలిగిన వైరు ముక్క బయటికి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

ప్లేరుతో కోస్తే పోగులన్నీ ఒకే ఎత్తున తెగి, చివర నొక్కుకుపోయి ఉంటాయి. అతను తన చేత్తో ఎన్నో వైర్లు కోశాడు. ఇక్కడ పోగులు చీపురు కొసల్లా పొడుగూ పొట్టిగా ఉన్నాయి. కొన్నిటి కొసలకు తుప్పు పట్టి ఉంది. అవి ముందే తెగాయి. మిగిలినవి మెరుస్తున్నాయి. అవి ఆఖరి రోజున తెగాయి. బోల్టు అంచు వైరును కొరికినచోట గాడి స్పష్టంగా కనిపిస్తోంది. బోల్టుకూ వైరుకూ మధ్య ఉండాల్సిన వాషరు లేదు.

అప్పుడు అతనికి ఆ ఆదివారం మొత్తం గుర్తొచ్చింది. వాషరు చేతిలోంచి జారి దొర్లిపోయింది. వెతుకుదామని వంగబోతుంటే మెట్ల మీద కృపాకర్ చెప్పుల చప్పుడు వినిపించింది. అతని కాళ్ళ దగ్గర నేల మీద పాకుతూ కనబడటం ఇష్టం లేకపోయింది. బోల్టును నేరుగా వైరు మీదికే, కసికొద్దీ బిగించాడు. తర్వాత ఆ సంగతి మరిచిపోయాడు.

మంగాయమ్మ కాఫీ తెచ్చి, అతని మొహం చూసి, గ్లాసు కింద పెట్టింది. అతను ఉన్నదంతా చెప్పాడు. ఆమె మేడ మెట్ల వైపు ఒకసారి చూసింది. తర్వాత సంచిలోంచి ప్లేరు తీసి అతని ముందు పెట్టింది.

"ఆ కొస సమంగా కోసెయ్యండి. చూసినవాళ్ళెవరూ లేరు."

"మంగా."

"ఉద్యోగం ఊడుతుంది. మళ్ళీ జైలుకు పోతారు. పిల్ల మొహం అలా అయ్యింది. దాన్ని ఎవరు చూస్తారు? కోసెయ్యండి."

అతను ప్లేరు తీసుకున్నాడు. వైరు కొసను దాని నోట్లో పెట్టాడు. ఆ సంగతి తర్వాత అతను ఎవరి దగ్గరా దాచలేదు. నిజంగానే పెట్టాడు.

"నాన్నా."

చంద్రిక తలుపు దగ్గర నిలబడి ఉంది. దవడలు తీగలతో కట్టి ఉండటంతో పళ్ళ మధ్య నుంచే మాట్లాడుతోంది.

"నాను నీకు సెప్పేను. బ్రేకు పడతంటే లోపల టిక్కుమంటందని. ఆదివారం సూత్తానన్నావు."

"నోరు ముయ్యి" అన్నాడు శివరామకృష్ణ.

"కృపాకర్ మావయ్య కొయ్యలేదు నాన్నా."

అతను ఒక్క ఉదుటున లేచాడు. అతని చెయ్యి లేచింది. చంద్రిక వెనక్కి జరగలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, వాచిన దవడ మీదికి రెండు చేతులూ అడ్డం తెచ్చుకుంది. మొహం అటు తిప్పుకుని దెబ్బ కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

శివరామకృష్ణ తన చెయ్యి చూసుకున్నాడు. అందులో ఇంకా ప్లేరు ఉంది.

అతను దాన్ని నేల మీద పెట్టి, వైరు ముక్కనూ బోల్టునూ ప్లాస్టిక్ కవర్లో వేసుకుని మేడ మెట్లు ఎక్కాడు. మంగాయమ్మ చొక్కా పట్టుకుని లాగింది. చొక్కా చిరిగింది కానీ అతను ఆగలేదు.

రోజలిన్ తలుపు తీసి, అతన్ని చూడగానే మూయబోయింది. అతను గుమ్మం బయటే నిలబడి, లోపల కుర్చీలో ఉన్న కృపాకర్‌కు వినపడేలా చెప్పాడు.

"వైరు నువ్వు కొయ్యలేదు. నేనే తప్పుగా బిగించాను. వాషరు వెయ్యలేదు. అందుకే తెగింది."

గదిలో ముసలమ్మ మంచం కిర్రుమంది. కృపాకర్ కుడి చెవి ఇటు తిప్పాడు.

"ఇంకోపాలి సెప్పు."

శివరామకృష్ణ మళ్ళీ చెప్పాడు. కృపాకర్ కుర్చీలోంచి లేచాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది, వేళ్ళ కొసల్లోంచి ఇనప పుల్లలు బయటికి కనిపిస్తున్నాయి. గుమ్మం దాకా వచ్చి ఎడంచేత్తో శివరామకృష్ణ మొహం మీద కొట్టాడు. అలవాటు లేని చెయ్యి, దెబ్బ సరిగ్గా తగల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఈసారి ముక్కు పగిలింది. శివరామకృష్ణ చేతులు పైకెత్తలేదు. నెత్తురు గడ్డం మీదుగా చిరిగిన చొక్కా మీదికి కారింది. కృపాకర్ పిడికిలితో గుండెల మీద, భుజాల మీద, మెడ మీద కొడుతూనే ఉన్నాడు.  ఊపిరి ఏడుపులా వస్తోంది. చివరికి తనకు తెలియకుండానే కట్టున్న చెయ్యి ఎత్తాడు. రోజలిన్ ఆ చేతిని పట్టుకుంది.

"సాల్లే. నీ సెయ్యి పాడవుద్ది" అంది. శివరామకృష్ణ వైపు చూసి, "నువ్వు ఎల్లు" అంది.

అతను అదే చొక్కాతో స్టేషన్‌కు నడిచి వెళ్ళాడు. ఎస్సై కవరు చూసి, అతని మొహం చూసి, విసుక్కున్నాడు.

"పెద్దలు రాజీ చేసేస్తున్నారు కదయ్యా. ఇప్పుడిదేమిటి?"

"నా ఫిర్యాదు అబద్ధమండి. రాసుకోండి."

కృపాకర్ మీద కేసు తీసేశారు. శివరామకృష్ణ మీద కేసు మాత్రం కోర్టులో నడుస్తోంది. వాయిదాలకు వెళ్ళి వస్తున్నాడు. అతను నేరం ఒప్పుకుంటానంటే వకీలు వద్దంటున్నాడు. ఉద్యోగం ఇంకా తేలలేదు. కృపాకర్ చెయ్యి అతికింది కానీ రెండు వేళ్ళు ముడుచుకోవు. ప్లేరు పట్టు దొరకదు. అతను మళ్ళీ ఓడ ఎక్కలేదు.

చంద్రిక దవడ కట్లు విప్పాక పనిలో చేరింది. వాలంతా నడిచే దిగుతుంది. తండ్రితో అవసరానికి మాట్లాడుతుంది. అతను దగ్గరగా వచ్చి చెయ్యి ఎత్తితే, అటకమీది డబ్బా దించడానికైనా సరే, ఆమె భుజాలు బిగుసుకుంటాయి. అతనది చూస్తాడు. చెయ్యి దించేసుకుంటాడు.

జూన్‌లో కృపాకర్ వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. రోజలిన్ పుట్టిల్లు వన్ టౌన్‌లో ఉంది, అక్కడికే వెళ్తున్నారు. సామాన్ల ఆటో వచ్చింది. దాలయ్యా, డ్రైవరూ కలిసి ఇనప బీరువాను మెట్ల మలుపు దాకా దించి అక్కడ చిక్కుకుపోయారు. మూడో మనిషి కావాలి. కృపాకర్ పైమెట్టు మీద నిలబడి చూస్తున్నాడు. శివరామకృష్ణ తన వాకిట్లోంచి వచ్చి బీరువా అడుగున చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు" అంది రోజలిన్.

 బీరువా బరువుకు దాలయ్య చేతులు వణుకుతున్నాయి.

"మొయ్యనీ" అన్నాడు కృపాకర్.

శివరామకృష్ణ బరువంతా తన వైపు తీసుకుని, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ ఒక్కో మెట్టూ దిగాడు. బీరువా ఆటోలో ఎక్కింది. తర్వాత మంచం, ఫ్యాను, వంట సామాన్లు మోశాడు. ఆఖరున ముసలమ్మను కుర్చీతో సహా దాలయ్యా అతనూ చెరోవైపూ పట్టుకుని దించారు. ఆమె పడిపోకుండా అతని భుజం గట్టిగా పట్టుకుంది గానీ అతని మొహం చూడలేదు.

ఆటో కదిలింది. కృపాకర్ డ్రైవరు పక్కన కూర్చుని, కట్టు విప్పిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ముందుకే చూస్తున్నాడు. ఆటో వాలులో జాగ్రత్తగా దిగి, హైవే మీద వాహనాల్లో కలిసిపోయింది. దాలయ్య బడ్డీ తెరవాలని వెళ్ళిపోయాడు. శివరామకృష్ణ పై వాటాలోకి వెళ్ళి, తలుపులు మూసి, వాళ్ళు గొళ్ళానికే వదిలిపోయిన తాళం వేసి, తాళంచెవి ఇంటి యజమానికి ఇవ్వడానికి బయలుదేరాడు.