మొదటి ముక్క

ఆ బేకరీలో తెల్లవారుజామున పొయ్యిలోంచి మొదటి రొట్టె బయటికొస్తే, కోడలు దాన్ని విరిచి నోట్లో వేసుకుని తలూపేదాకా రెండో రొట్టె అమ్మకానికి కదలదు. ఇది మామగారు పెట్టిన నియమం. ఒకప్పుడు ఆ మొదటి ముక్క ఆయనదే. వయసు మీదపడి, పళ్ళతోపాటు రుచి కూడా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాక, కన్నకూతుర్ని పక్కనబెట్టి ఆ పదవి కోడలి చేతికిచ్చారు. "మా అమ్మాయి నాలుక మాటలకే సరిపోదు, ఇంక రుచికేం మిగుల్తుంది" అని అందరిముందూ నవ్వారు. అందరూ నవ్వారు, కూతురు తప్ప. అప్పట్నుంచీ ఆవిడ ముందుగదిలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని కొనేవాళ్ళతో గలగలా, వెనకగదిలో ఉన్న తమ్ముడి భార్యతో ముక్తసరిగా మాట్లాడుతూ వచ్చింది.

ఇలా ఏళ్ళు గడిచాక కోడలికి చలి పట్టుకుంది. అదీ ఎక్కడో కాదు, పొయ్యి ముందు. పక్కవాళ్ళకి చెమటలు కారుతుంటే ఆమె శాలువా కప్పుకుని పిండి పిసికేది. ముఖం ఉబ్బింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికల్లా పిండిబస్తా మీదే కునుకు. ఆ తర్వాత జుట్టు మొదలైంది. దువ్వెన నిండా, దిండు నిండా, స్నానాలగదిలో నీళ్ళు పోయే జాలీ నిండా జుట్టే. రొట్టెల బండి నడిపే ఆమె భర్త మాటల మనిషి కాదు. ఆమె స్నానం చేసి రాగానే లోపలికెళ్ళి ఆ జాలీ శుభ్రం చేసి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చేవాడు. ఆమెకి తెలుసు. తెలుసని ఆమె కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ థైరాయిడ్ అంది. "గొంతు దగ్గరుండే గ్రంథి సరిగ్గా పనిచెయ్యట్లేదమ్మా. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకోండి. వేసుకున్నాక గంటసేపు మంచినీళ్ళు తప్ప ఇంకేం ముట్టుకోకూడదు."

కోడలు ఒక్క పూట కూడా తప్పలేదు. నెలలు గడిచినా రక్తపరీక్ష మాత్రం కదిలేది లేదని మొండికేసింది. డాక్టరమ్మ మోతాదు పెంచింది. అయినా జుట్టు దారి జుట్టుదే.

ఒకరోజు బడి పంతులమ్మ ఒకావిడ గల్లాపెట్టె ముందే నిలబడి బన్ను విరిచింది. ముక్కలు రెండయ్యాయి గానీ విడిపోలేదు. పొడుగాటి వెంట్రుక ఒకటి వాటిని పట్టుకుని వేలాడుతోంది. అప్పుడు కొట్టు నిండా జనం.

మామగారు గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచలేదంటేనే భయపడాలి. "అమ్మాయ్, మనది తిండి వ్యాపారం. ఇంకొక్కసారి ఇలా జరిగితే నువ్వు పొయ్యి గదిలో ఉండటానికి వీల్లేదు. ఇంట్లో విశ్రాంతి తీసుకుందువుగాని" అన్నారు.

"జరగదు మామయ్యా" అంది కోడలు. ఆ పొయ్యి లేకపోతే ఆమెకి తెల్లవారదు. అక్కడ తప్ప ఇంకెక్కడా ఆమె మాటకి విలువ లేదు.

ఆ సాయంత్రమే అద్దం ముందు కూర్చుని మిగిలిన జుట్టుని చెవుల దాకా కత్తిరించేసింది. భర్త గుమ్మం దాటి వచ్చి, "వెనక వంకరొచ్చింది, ఇలా ఇవ్వు" అని కత్తెర తీసుకున్నాడు. అప్పుడు మాత్రం ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, కత్తెర తగలకుండా తల కదపకుండా కూర్చుంది. మర్నాటి నుంచి బిగుతు టోపీ, దాని మీద గుడ్డ. వెంట్రుక కాదు కదా, ఆలోచన కూడా బయటికి రాలేనట్టు కట్టుకునేది.

ఆ వారమే డాక్టరమ్మ మీద యుద్ధానికి వెళ్ళింది.

"మీ మాత్ర ఉత్త సుద్దముక్కండీ."

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. "పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏమేం చేస్తారో చెప్పండి" అంది.

"లేస్తాను, మాత్ర వేసుకుంటాను, నీళ్ళు తాగుతాను. పొయ్యి చూసుకుంటాను. మొదటి రొట్టె తీసి రుచి చూస్తాను..."

"తింటారా?"

"అయ్యో, తిననండీ! గంటదాకా పచ్చి మంచినీళ్ళే. ఊరికే రుచి చూస్తానంతే."

"ఎంత?"

కోడలు అరచేతిలో సగం చూపించింది.

"ఉత్త రొట్టేనా?"

"ఉత్త రొట్టెలో రుచేం తెలుస్తుందండీ? చిక్కటి పాలటీలో ముంచి చూడాలి. మా మామయ్య అలాగే నేర్పారు."

డాక్టరమ్మ కలం కింద పెట్టి కళ్ళజోడు తీసేసింది. ఆవిడ నవ్వు ఆపుకుంటోందని కోడలికి అర్థమై ఒళ్ళు మండింది. "చూడండమ్మా, మీరు దాన్ని పని అనుకుంటున్నారు. మీ కడుపేమో ఫలహారం అనుకుంటోంది. ఆ రొట్టె, ఆ పాలు కలిసి మందుని ఒంటికి పట్టనివ్వట్లేదు. పోనీ రాత్రి భోజనమయ్యాక మూడు గంటలాగి వేసుకుంటారా?"

"భోజనమయ్యాక నాకు మూడు నిమిషాలు కూడా మెలకువుండదండీ."

"అయితే ఆ మొదటి ముక్క మానెయ్యాలి. మానేస్తే మెల్లగా అన్నీ దారికొస్తాయి. జుట్టు మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది, ఓపిక పట్టాలి."

ఇంటికొచ్చే దారంతా ఆమె తనని తానే తిట్టుకుంది. ఇన్ని నెలలూ పొద్దున్నే మందు మింగి, దాని నెత్తిన రొట్టె వేసి కూర్చుంది! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చివరికి పట్టుదల వచ్చింది. మొదటి ముక్క ఇంకెవరైనా తినాలి. మామగారికి రుచి లేదు, భర్తకి పెట్టిందల్లా బాగుంటుంది. ఎటు తిరిగినా దారి గల్లాపెట్టె దగ్గరే ఆగుతోంది.

"వదినా, రేపట్నుంచి మొదటి ముక్క మీరు చూడాలి" అంది ఉపోద్ఘాతం లేకుండా.

వదిన చిల్లర సర్దడం ఆపి, ఎగాదిగా చూసింది. "ఏంటి, మీ మామయ్య నన్ను ఆటపట్టించమన్నారా?"

"లేదు వదినా. నా మాత్ర పనిచెయ్యాలంటే నా నోరు కట్టేసుకోవాలి. మీ నాలుక కావాలి."

మర్నాడు వదిన పొయ్యి గదిలోకి పరీక్షకొచ్చిన పిల్లలా అడుగుపెట్టింది. మూలన కుర్చీలో ఉన్న మామగారి మొహంలో అపనమ్మకం కనిపిస్తూనే ఉంది. కోడలు రొట్టె విరిచి ఇచ్చింది. వదిన నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది.

"బాగుంది" అంది, నేల చూపులు చూస్తూ.

"వదినా, కొట్టుకొచ్చినవాళ్ళ మొహానే చొక్కా బాగాలేదని చెప్పే మనిషి మీరు. నాకెందుకు మొహమాటం?"

వదిన తలెత్తింది. "ఉప్పెక్కువైంది."

కోడలి చేతిలో మిగతా రొట్టె వేడివేడిగా ఉంది, వాసన ముక్కు పట్టుకుని లాగుతోంది. ఒక్క చిటికెడు కొరికితే నిజమేదో తేలిపోతుంది. మాత్ర వేసుకుని పావుగంటైనా కాలేదు. ఆమె రొట్టెని బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, "రెండో వాయికి ఉప్పు తగ్గించండి" అని పనివాళ్ళకి చెప్పింది.

గంటయ్యాక ఆ చల్లారిన ముక్క తిని చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. తర్వాత రెండో వాయి దిగాక దాని ముక్క తింటే చప్పిడి. ఆమెకి కోపం ముంచుకొచ్చింది. కావాలనే తనని తప్పుపట్టిందని ముందుగదిలోకి విసురుగా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే రోజూ వచ్చే ముసలాయన ఒకరు కొత్త రొట్టె తుంచుకుని నములుతూ, "ఇన్నాళ్ళకి ఉప్పు కుదిరిందమ్మా" అంటున్నారు.

ఆయన వెళ్ళేదాకా ఆగి, కోడలు గల్లాపెట్టె దగ్గరికొచ్చింది. "ఎన్నాళ్ళ నుంచి వదినా?"

"వానలప్పట్నుంచి. అడిగినవాళ్ళకల్లా ఉప్పు మారిందనో, పిండి మారిందనో సర్దిచెప్తున్నా."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ చోటు కోసం అంటున్నాననుకుంటావు. ఇందాక అనుకోలేదూ?"

అనుకుంది. జుట్టు పోతే అద్దం చెప్పింది. అదే జబ్బుకి నాలుక మొద్దుబారితే చెప్పేవాళ్ళు లేకపోయారు. ఆ పూటంతా ఆమెకి చేతులాడలేదు. మర్నాడు మాత్రం ఎప్పటికన్నా ముందే వచ్చింది. గుప్పెటతో వేసే ఉప్పుని త్రాసులో తూచి వేసింది. పిండి తనది, పొయ్యి తనది, నాలుక వదినది. మామగారు గొణిగితే, "నాకు బాగయ్యేదాకా ఇంతే మామయ్యా. నేను పొయ్యి వదల్ను, మాత్రా వదల్ను" అంది.

అలా నెలలు నడిచాయి. రక్తపరీక్ష మొండితనం మాని మెల్లగా దారికొచ్చింది. శాలువా మేకుకి చేరింది. వదిన రోజూ మొదటి ముక్క తిని తీర్పు చెప్పి, రెండో ముక్క పళ్ళెంలో పెట్టి మూత వేసేది. గంటయ్యాక కోడలు దాన్ని తినేది. రోజూ బాగుందనే అనేది. ఉన్న మాట చెప్పాలంటే, ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు.

ఒక ఉదయం ఆ ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "వదినా! ఇదేంటి, ఉప్పు కషాయం! మీరెలా ఒప్పుకున్నారు దీన్ని?"

వదిన పిండిబస్తా మీద కూలబడిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "అమ్మయ్య! వచ్చిందే నీ నాలుక! అప్పుడప్పుడూ చిన్న ముద్దలో ఉప్పు దంచికొట్టి విడిగా కాల్చి నీ పళ్ళెంలో పెడుతూనే ఉన్నా. పెట్టిన ప్రతిసారీ బాగుందని తినేసి, నా ప్రాణం తీశావు గదే ఇన్నాళ్ళూ!"

కోడలు ఆవిడ పక్కన కూర్చుని, భుజం మీద తలవాల్చింది. వదిన ఆ తల మీద గుడ్డ, టోపీ ఊడదీసి చూసింది. నుదుటి పైన పొట్టి వెంట్రుకలు చెప్పిన మాట వినని పిల్లల్లా నిటారుగా నిలబడున్నాయి. "వస్తున్నాయే" అంది వాటిని నిమురుతూ, మళ్ళీ టోపీ తనే బిగించింది.

మర్నాడు మొదటి రొట్టె బయటికి రాగానే మామగారు కుర్చీలోంచి లేచి కోడలి వైపు చెయ్యి చూపించారు. "అమ్మాయ్, బాగైందిగా. ఇంక నువ్వే చూడు."

కోడలు రొట్టె విరిచింది. వేడి ఆవిరి మొహానికి కొట్టింది.

"నేను గంట ఆగాలి మామయ్యా. రొట్టె ఆగదు" అని ఆ ముక్కని వదిన చేతిలో పెట్టింది.

వదిన తండ్రి వైపు చూస్తూ నిదానంగా నమిలి, తలూపింది. రెండో రొట్టె కదిలింది.