తేలిక కెమెరా

లెన్సులు తుడుస్తుంటే మెత్తటి గుడ్డ నా వేళ్ళలోంచి జారి కింద పడింది. ఆ ఉదయం అది రెండోసారి. “చేతులకి నూనె రాసుకున్నావా ఏంటి?” అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆ వారమే కొత్త కెమెరా కోసం వెళ్ళాం. పన్నెండేళ్ళుగా పెళ్ళిళ్ళకి ఇద్దరం కలిసే ఫోటోలు తీస్తున్నాం. ఆడవాళ్ళ గదిలోకి ఆయన రాలేడు కనక అక్కడివన్నీ నావే. ఆల్బం అట్ట మీద మాత్రం ఆయన పేరొక్కటే ఉంటుంది. షాపతను రెండు కెమెరాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి మా దగ్గరున్న రకమే, లోపల అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్. బ్యాటరీ రోజంతా వస్తుంది, పాత లెన్సులన్నీ పడతాయి. రెండోది అద్దం లేని మిర్రర్‌లెస్. బ్యాటరీ త్వరగా అయిపోతుంది గానీ బరువు సగమే. తీయబోయే ఫోటో ఎలా వస్తుందో ముందే కంటికి కనిపిస్తుంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. చాన్నాళ్ళకి మెడ కాస్త తెరిపిన పడ్డట్టనిపించింది.

“మేడమ్‌కి భలే సరిపోయింది సార్,” అన్నాడు షాపతను, నాతో కాదు, ఆయనతో.

“ఇది నాకు. ఈమధ్య నడుం పట్టేస్తోంది. ఆవిడకి పాతది అలవాటేలే,” అన్నాడు ఈయన.

ఇంటికొచ్చాక అత్తగారు, “మగాడు, పొద్దస్తమానం నిలబడేవాడు, వాడికి సుఖంగా ఉండాలి కదమ్మా,” అంది. నేను కూర్చుని తీస్తున్నానా అని అడగాలనిపించింది. కుక్కర్ కూత వేసింది. వెళ్ళి పొయ్యి కట్టేశాను.

తరవాతి పెళ్ళిలో పెళ్ళికూతురు వాళ్ళమ్మ భుజం మీద వాలి ఏడ్చింది. మీట నొక్కాననే అనుకున్నాను. లోపల అద్దం టప్పుమనలేదు. కిందికి చూస్తే వేలు మీట మీదే ఉంది, కదలడం లేదు. ఈలోగా తల్లీకూతుళ్ళు విడిపోయారు. “ఒక్క మీట నొక్కడం కూడా చేతకాదా నీకు?” అని మా ఆయన అందరి ముందూ అరిచాడు.

డాక్టరమ్మ నా వేళ్ళు పట్టుకుని చూసింది. “మెడలో నరం నలిగింది. చాలా ఆలస్యంగా వచ్చారు. పట్టు పూర్తిగా రాకపోవచ్చు. ఏం పని చేస్తారమ్మా, అంత బరువు మోసేది?”

“పనేం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది,” అన్నాడు మా ఆయన.

పన్నెండేళ్ళలో నేను తీసిన ముఖాలెన్నో. ఒక్కటీ గుర్తు రాలేదు.

“ఫోటోగ్రాఫర్నండీ,” అన్నాను. ఆవిడ చీటీ మీద ముందు రాసింది కొట్టేసి, మళ్ళీ రాసింది.

వరండాలోకి రాగానే, “ఆవిడ ముందు నన్ను చులకన చెయ్యాలా? సరేలే, ఆ తేలిక కెమెరా నువ్వే తీసుకో,” అన్నాడు.

ఏ కెమెరాకైనా మీట కుడి చూపుడువేలి కిందే ఉంటుంది.

“వద్దండీ. ఆదివారం పెళ్ళికి నేను రావట్లేదు. ఆ తరవాత కూడా రాను.”

“మరి మనం ఒప్పుకున్న పెళ్ళివాళ్ళకి నేనేం చెప్పను?”

చెయ్యెలా ఉందని అడుగుతాడేమోనని అంతసేపూ ఎదురుచూశాను. ఇక చూడలేదు. ఆయన చేతిలోని మందుల చీటీ ఎడమ చేత్తో అందుకుని మెట్లు దిగాను.