కొండదారి కండక్టరమ్మ

తొమ్మిదో మలుపు రాకముందే కండక్టరమ్మ వెనక సీట్లవైపు నడిచింది. జనం మొహాలు పాలిపోయేది అక్కడేనని ఆమెకు తెలుసు. కిటికీ పక్కన కళ్లు మూసుకుని చెమటలు కక్కుతున్న అమ్మాయి అరచేతిలో చిన్న అల్లం ముక్క పెట్టింది.

“బుగ్గన పెట్టుకుని మెల్లగా నములు తల్లీ. ఫోన్ చూడకు, దూరంగా కొండకేసి చూడు.”

“ఇవాళే ఉద్యోగంలో చేరుతున్నానండీ. పొద్దుట్నించీ గుండె దడ. దానిక్కూడా పనిచేస్తుందా?”

“కడుపు కుదుటపడితే దడ సగం తగ్గుతుంది. మిగతా సగానికి నా దగ్గర మందు లేదు. పక్కన కూర్చుంటా.”

కూర్చుంది. దిగేటప్పుడు ఆ అమ్మాయి చెయ్యూపింది.

ఇరవై రెండేళ్ల కిందట ఇదే బస్సుదారిలో కండక్టరమ్మకు పేగులు బయటికొచ్చేలా వాంతులయ్యేవి. భర్త పోయి ఆరు నెలలు, ఇంట్లో చంటిపిల్ల. తెల్లారితే బస్సెక్కాలన్న తలపుకే రాత్రి నిద్ర పట్టేది కాదు. ఉద్యోగంలో చేరిన నాలుగోరోజే రాజీనామా కాగితం రాసి తెచ్చింది. డ్రైవరు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తన పొట్లంలోని అల్లం ముక్క ఇచ్చాడు.

“వారం రోజులు నమిలి చూడమ్మా. అప్పటికీ నీవల్ల కాకపోతే దీన్ని నేనే ఇచ్చొస్తా.”

ఇవ్వాల్సిన అవసరం రాలేదు. ఆ చంటిపిల్ల ఇప్పుడు నర్సు.

సాయంత్రం డ్యూటీ దిగి సరాసరి ఆ డ్రైవరు ఇంటికి వెళ్లింది. రిటైరైన ఏడాదికే ఆయనకు కడుపులో క్యాన్సరు బయటపడింది. మందు ఎక్కించిన ప్రతిసారీ మంచినీళ్లు కూడా నిలవడం లేదు. “అల్లంతో జబ్బు తగ్గదు, వికారం కాస్త తగ్గొచ్చు. ఇచ్చి చూడండి,” అని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు.

గోరువెచ్చటి అల్లం నీళ్లు చెంచాతో పట్టించింది. ఇవాళ అన్నీ నిలిచాయి.

“అన్నయ్యా, ఆనాడు మీరా కాగితం మడవకపోతే నేనేమయ్యేదాన్నో!” ఇన్నేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

“ఏమయ్యేదానివి? ఇంకో బస్సులో వాంతి చేసుకునేదానివి.”

చాలా రోజుల తర్వాత ఆయన భార్య పకపకా నవ్వింది.

“ఒళ్లు తేలిగ్గా ఉంది. రేపు స్టాండు దాకా నడిచొస్తా. నా చెప్పులు ఇటు పెట్టమ్మా,” అని ఆయన పక్కకి ఒత్తిగిలి కళ్లు మూసుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకి భార్య పిలిచింది. ఆయన పలకలేదు, ఊపిరి లేదు. ముఖంలో వికారం లేదు, నుదుటి ముడతలు సడలాయి. వదిన భుజం పట్టుకుని కండక్టరమ్మ అలాగే నిలబడిపోయింది.

మంచం పక్కన, దుమ్ము తుడిచి పెట్టిన చెప్పులు రెండూ గుమ్మంవైపు తిరిగి ఉన్నాయి.